ఘోడా జారుతుంటే ముందు కట్టె చూడండి

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు ఇండ్లల్లో లైసెన్సు మీద ఉన్న బోల్టు రైఫిల్ (చేత్తో ఒక కడ్డీని, అంటే బోల్టును, వెనక్కి లాగి ముందుకు తోసి తూటా ఎక్కించేది) అంటే ఎక్కువగా కనపడేది .315 బోరే. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు. లోపలిది పాత సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగం, కింద ఐదు తూటాల మ్యాగజైన్. వేట రైఫిల్ అని పిలుస్తాం గానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అందులో వేట పేరుకే మిగిలింది. పల్లి చేనునో మక్క చేనునో తవ్విపోసే అడవిపంది మీద పేల్చాలన్నా అధికారి రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి చేతిలో ఉండాలి. కాబట్టి తుపాకి ఏడాదిలో పదకొండు నెలలు బీరువాలోనే. ట్రిగ్గర్లు వాడి చెడటం తక్కువ, పెట్టి చెడటం ఎక్కువ.

"ఘోడా (ట్రిగ్గర్) పోయింది, మార్చాలె" అని డీలర్ దగ్గరికి వచ్చే తుపాకుల్లో ట్రిగ్గర్ ముక్క నిజంగా పాడైనవి కొన్నే. కట్టె, అంటే తుపాకి చెక్క భాగం, కుంగడం, నూనె గట్టిపడటం, స్ప్రింగు అలిసిపోవడం, ఎవరో ఆకురాయి పెట్టి అరగదీయడం, ఇవే ఎక్కువ. ట్రిగ్గర్ మార్చితే వీటిలో ఒక్కటీ పోదు. అందుకే ముందు రోగమేదో తేల్చుకోవాలి.

చట్టం సంగతి మొదలే చెప్పుకుందాం. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకి రిపేరు చేయడానికే వేరే లైసెన్సు కావాలి. మీ దగ్గరున్న లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికి మాత్రమే. తుపాకి విడిభాగాలు కూడా చట్టం దృష్టిలో తుపాకి కిందికే వస్తాయి, కాబట్టి బయటి దేశం నుంచి ట్రిగ్గర్ పార్శిల్‌లో తెప్పించుకుందామనే ఆలోచన మానుకోండి. మీరు రాలేకపోతే కొడుకునో తమ్ముడినో పంపవచ్చు. రిపేరుకు తీసుకుపోయేవాళ్లకు లైసెన్సుదారు రాసిచ్చిన కాగితం ఉంటే చాలని 3వ సెక్షన్‌లోనే ఉంది. కింద రాసిన వాటిలో పరీక్షలు మీరు చేసుకునేవి. ముక్కలు విప్పి మార్చడం లైసెన్సున్న మిస్త్రీ పని. ఆయన ఏం చేస్తున్నాడో మీకు తెలిసి ఉండటానికే ఆ భాగం కూడా రాస్తున్నా.

ఇక తుపాకి ఖాళీ చేయడం. తెలిసిందే కదా అని దాటెయ్యకండి, ఈ యంత్రాంగంలో ఒక తిరకాసుంది. ఎడమ పక్క సేఫ్టీ మీటను వెనక్కి తిప్పితే బోల్టు వెనకుండే కాకింగ్ పీస్‌తో పాటు బోల్టు కూడా బిగుసుకుంటుంది. అంటే సేఫ్టీ ముందుకు తీస్తే తప్ప లోపలి తూటా బయటకు రాదు. ట్రిగ్గర్‌లో లోపం ఉన్న తుపాకి జారేది, అంటే నొక్కకుండానే విడిచేది, సరిగ్గా సేఫ్టీ తీసేటప్పుడే. అందుకే లోడై ఉన్న తుపాకి మీద అనుమానం వస్తే ఇంట్లో ముట్టుకోకండి. బయట, గొట్టం మెత్తటి మట్టిగడ్డ వైపు పెట్టి, వెనక ముందు మనిషి లేకుండా చూసుకుని, ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప చట్రం) దరిదాపుల్లో వేలు లేకుండా సేఫ్టీ తీసి, వెంటనే బోల్టు పిడి ఎత్తి వెనక్కి లాగండి. మ్యాగజైన్ ఊడదీసినంత మాత్రాన చాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, ఖాళీ కాదు. కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. తూటాల పెట్టె వేరే గదిలో పెట్టి తాళం వేయాలి. కింద చెప్పే ప్రతి పరీక్షా దీని తరవాతే.

లోపల జరిగేది ఇది. బోల్టు వెనక తోకలాగా బయటికి కనపడే ముక్క కాకింగ్ పీస్. ఫైరింగ్ పిన్ను వెనక కొస దీనికే మరలో బిగించి ఉంటుంది. దీని కింద ఒక గాటు ఉంటుంది. యాక్షన్ (బోల్టు కదిలే ఇనుప దిమ్మ) అడుగున సియర్ అనే వంకర ముక్క, ముక్కు పైకెత్తుకుని కాచుకుని కూర్చుంటుంది. బోల్టు ముందుకు తోసినప్పుడు ఆ ముక్కు గాటుకు అడ్డం పడి కాకింగ్ పీస్‌ను ఆపేస్తుంది. బోల్టు మాత్రం ముందుకు పోతూ మెయిన్ స్ప్రింగును నలుపుతుంది. చివరి అంగుళంలో చేతికి బరువు తగిలేది అందుకే. మౌజర్ తరహా తుపాకులు బోల్టు ఎత్తేటప్పుడే ఎక్కుతాయి, అంటే స్ప్రింగు నలిగి పేలడానికి సిద్ధమవుతాయి, ఇది మూసేటప్పుడు ఎక్కుతుంది. ట్రిగ్గర్‌కు కాకింగ్ పీస్‌తో నేరుగా సంబంధమే లేదు. అది సియర్ ముక్కును కిందికి దించుతుంది, అంతే. ట్రిగ్గర్ తల మీద రెండు చిన్న గుబ్బలుంటాయి. మొదటిది సియర్‌ను తేలిగ్గా, పొడుగ్గా కదిలిస్తుంది. అది మొదటి లాగు. రెండోది తగిలినప్పుడు గోడకు ఆనినట్టు బరువు పెరుగుతుంది. అక్కడినుంచి కాస్త నొక్కితే పేలుతుంది. సైన్యపు కొలతల్లో మొదటి లాగు 3 నుంచి 4 పౌండ్లు, రెండోది 5 నుంచి 6 పౌండ్లు. అంటే కేజీన్నర అటూ ఇటూ ఒకటి, రెండున్నర కేజీల దగ్గర ఇంకోటి.

ఇంకో మాట. తుపాకి ఎక్కి లేనప్పుడు ట్రిగ్గర్ వదులుగా ఊగులాడితే కంగారు పడకండి. దానికి సొంత స్ప్రింగు లేదు, సియర్ స్ప్రింగే దాన్నీ వెనక్కి తోస్తుంది. ఆ ఊగులాట చూసే "అరిగిపోయింది" అని మార్పించుకున్నవాళ్లున్నారు.

ఇక పరీక్షలు.

మొదట బోల్టు మెల్లగా మూయండి. చివరి అంగుళంలో బరువు తగలకుండా సర్రున మూసుకుపోతే సియర్ పట్టడం లేదు. గట్టిగా కొట్టినట్టు మూస్తే జారి, మెల్లగా మూస్తే పట్టుకుంటుంటే అది ఇంకా ప్రమాదం. లోపల తూటా ఉండి ఉంటే ఏమై ఉండేదో చెప్పక్కరలేదు. ఇలా పది సార్లు మెల్లగా, పది సార్లు గట్టిగా మూసి చూడాలి. ఒక్కసారి జారినా తుపాకి పక్కన పెట్టేయాలి.

జారుతుంటే వెంటనే మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్యాచ్ నొక్కి చూడండి. ఈ తుపాకిలో సియర్‌కూ మ్యాగజైన్ క్యాచ్‌కూ కలిపి ఒకే వంకీ స్ప్రింగు, ఒక కాలు దీని మీద, ఒక కాలు దాని మీద. క్యాచ్ కూడా మెత్తబడి మ్యాగజైన్ లూజుగా ఆడుతుంటే స్ప్రింగు పోయినట్టే అనుకోవచ్చు. క్యాచ్ గట్టిగా ఉండి సియర్ మాత్రమే బద్ధకంగా లేస్తుంటే జిడ్డును అనుమానించాలి. మన దగ్గర ఈ జిడ్డుకు పేరు కొబ్బరినూనె. తుప్పు పట్టకూడదని తాతల కాలం నుంచి పట్టిస్తారు. అది చలికాలం తెల్లారుజామున గడ్డ కడుతుంది, ఎండాకాలం చెలక దుబ్బను పట్టుకుని జిగురవుతుంది. రెండేండ్లకు సియర్ పిన్ను చుట్టూ గోధుమరంగు లక్క తయారవుతుంది. దానిమీదే మళ్లీ నూనె పోస్తే కరగదు. కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో కడిగి, ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క పిన్నుకు వేస్తే చాలు. సియర్ ముక్కు మీద, గాటులో నూనె కారుతూ ఉండక్కరలేదు, గుడ్డతో తుడిచిన తడి సరిపోతుంది.

జిగురంటే గుర్తొచ్చింది. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 2014 ఏప్రిల్‌లో మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లలో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్నవాటిని వెనక్కి పిలిపించింది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే అవకాశం ఉందని తేలింది. కారణం, బిగించేటప్పుడు కొన్నింటిలో అవసరానికి మించి పడిన జిగురు. 2006 నుంచి 2014 దాకా తయారైన సరుకది. ఫ్యాక్టరీలోనే అంత జరిగితే, స్క్రూ వదులవుతుందని ఇంట్లో ఫెవిక్విక్ చుక్క వేసే పని ఎంత మంచిదో మీరే చూసుకోండి.

రెండో పరీక్ష, ఎక్కించిన తుపాకి ట్రిగ్గర్‌ను మెల్లమెల్లగా నొక్కుతూ కాకింగ్ పీస్ వైపు చూడటం. పక్కనుంచి, మంచి వెలుతురులో, కన్ను దగ్గరగా పెట్టి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న తుపాకిలో రెండో లాగు మొదలవగానే కాకింగ్ పీస్ కదలకుండా ఉంటుంది, లేదంటే వెంట్రుకవాసి వెనక్కి జరిగి ఆ తరవాత విడుస్తుంది. నొక్కేకొద్దీ ముందుకు పాకుతుంటే గాటు కోణం తిరగబడిందన్నమాట. ఇప్పుడు రెండు ముఖాలూ ఒకదాన్నొకటి జారవిడుచుకునే వైపు వాలి ఉన్నాయి. ఇది చాలావరకు ఆకురాయి పుణ్యమే. సియర్ ముక్కుకూ, గాటుకూ పైపైన పలుచటి గట్టి పొర ఉంటుంది. నునుపు చేద్దామని నాలుగు గీతలు గీస్తే ఆ పొర పోయి మెత్తటి ఇనుము బయటపడుతుంది. నెలరోజులు ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది, ఆ తరవాత అదే అరుగుతూ పోతుంది. దీనికి సర్దుబాటు లేదు, ముక్క మార్చాల్సిందే.

మూడోది బరువు. దీనికి మిషను కొనక్కరలేదు, లీటరు నీళ్లు కేజీ తూగుతాయి. నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాకు బలమైన తీగ కట్టి, తీగ కొసను కొక్కెంలా వంచండి. ఖాళీ తుపాకి ఎక్కించి, గొట్టం నిలువుగా పైకి పెట్టి పట్టుకుని, కొక్కెం ట్రిగ్గర్ వంపు మధ్యలో తగిలించి, నేలమీది సీసాను మెల్లగా లేపాలి. రెండు కేజీలకు మొదటి లాగు కదిలి ఆగిపోవాలి, పేలకూడదు. చిన్న సీసాతో ఇంకో అరలీటరు, ముప్పావు లీటరు చేర్చాక విడిస్తే బాగున్నట్టు. రెండు కేజీల లోపే క్లిక్కుమంటే ఆ తుపాకి భుజాన వేసుకుని గట్ల మీద నడిచేది కాదు. మూడున్నర దాటినా విడవకపోతే తుప్పో, దుబ్బో, చెక్క ఒరుసుకోవడమో ఉంటుంది. ట్రిగ్గర్ పక్కల మీద మెరుస్తున్న గీత కనపడితే అది ఒరుసుకుంటున్న జాగ.

నాలుగోది సేఫ్టీ. ఎక్కించి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. ఇప్పుడు వేలు పూర్తిగా తీసేసి సేఫ్టీ ముందుకు తీయండి. ఏమీ కాకూడదు. క్లిక్కుమంటే సేఫ్టీ కాకింగ్ పీస్‌ను సరిగ్గా వెనక్కి లాగి పట్టుకోవడం లేదు, లేదా నొక్కిన సియర్ తిరిగి పైకి రాలేదు. మిగిలిన అన్ని పరీక్షలూ పాసై ఇది ఒక్కటి ఫెయిలైనా తుపాకి డీలర్ దగ్గరికి పోవాల్సిందే.

ఇక శీర్షికలో చెప్పిన కట్టె. ఈ పాత నమూనాలో ట్రిగ్గర్ యాక్షన్‌కు వేలాడదు, ట్రిగ్గర్ గార్డుకు పిన్నుతో బిగించి ఉంటుంది. సియర్ మాత్రం యాక్షన్‌కు ఉంటుంది. రెండింటికీ మధ్యలో ఉన్నది చెక్క. చెక్క మందం మారితే ట్రిగ్గర్ తలకూ సియర్‌కూ మధ్య దూరం మారుతుంది, ఇనుములో ఏ మార్పూ లేకున్నా లాగు మారిపోతుంది. సైన్యం వాళ్లు తరవాతి నంబర్ 4 మార్క్ 2 రైఫిల్‌లో ట్రిగ్గర్‌ను నేరుగా యాక్షన్‌కే వేలాడదీసింది ఈ బాధ పడలేకే. నల్లగొండలో రోహిణి కార్తెకు 45 డిగ్రీలు తాకే ఎండలో, రేకుల కప్పు కింద బీరువాలో ఉన్న చెక్క ఎండి కుంగుతుంది. గార్డు పైకి జరుగుతుంది, మొదటి లాగు మాయమవుతుంది. ఇంకా కుంగితే ట్రిగ్గర్ గుబ్బ సియర్‌ను ఎప్పుడూ కాస్త కిందికి తొక్కే ఉంచుతుంది. అప్పుడు సియర్ ముక్కు గాటులో అంచు మీదే నిలబడుతుంది. వానకాలం చెక్క ఉబ్బితే దీనికి తిరగబడి, లాగు పొడుగై సాగుతుంది.

చెక్క నలగకుండా గార్డు ముందు స్క్రూ చుట్టూ ఒక చిన్న ఇనుప గొట్టం ముక్క, అంటే కాలర్, ఉంటుంది. ఎప్పుడో విప్పినప్పుడు అది కిందపడి పోతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ తరవాత స్క్రూ బిగించినకొద్దీ గార్డు చెక్కలోకి దిగుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఖాళీ తుపాకి ముందు గార్డు స్క్రూను అరచుట్టు వదులు చేసి బోల్టు మూసి చూడండి. అప్పటిదాకా జారుతున్నది ఇప్పుడు పట్టుకుంటే, పోయిన మొదటి లాగు తిరిగొస్తే, ట్రిగ్గర్‌కు ఏ రోగమూ లేదు. కాలర్ వేయించి, నలిగిన చెక్కను మిస్త్రీతో సర్దిస్తే సరిపోతుంది. స్క్రూ వదులుగానే వదిలేసి వాడుకుందామంటే కుదరదు, రెండు దెబ్బలకే గురి చెదిరిపోతుంది.

ఇవన్నీ దాటి సియర్ ముక్కు గుండ్రంగా అరిగిందనో, ట్రిగ్గర్ గుబ్బ పగిలిందనో తేలితే అప్పుడు మార్పిడి. క్రమం ఇలా ఉండాలి. బోల్టు పూర్తిగా వెనక్కి లాగి, దాని తల పైకి తిప్పి బయటకు తీయడం. మ్యాగజైన్ తీయడం. గార్డు ముందు స్క్రూ, వెనక స్క్రూ. స్క్రూడ్రైవర్ మొన గాడిలో నిండుగా కూర్చోవాలి, సన్నటిది పెడితే గాడి చిరుగుతుంది. కదలకపోతే తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననివ్వాలి గానీ సుత్తి పట్టొద్దు. గార్డుతో పాటు ట్రిగ్గర్ కూడా వచ్చేస్తుంది. పిన్ను ఏ వైపునుంచి బయటకు వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి. సియర్ స్ప్రింగు తీసేముందు ఫోనుతో ఒక ఫొటో, పైన ఒక గుడ్డ. అది ఎగిరితే గదంతా ఊడ్చినా దొరకదు. వెనక బట్టు (భుజానికి ఆనించే కట్టె) లోపల దాన్ని బిగించే పొడుగు మర బోల్టు ఉంటుంది, ఇది తూటా ఎక్కించే బోల్టు కాదు, ట్రిగ్గర్ పనికి దాన్ని కదిలించే అవసరమే లేదు. పాత నమూనాలో ఆ బోల్టు కొస ముందు కట్టెలోని పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు కట్టె తీయకుండా తిప్పితే కట్టె నిలువునా చీలుతుంది.

కొత్త ముక్క కూర్చాక ముఖాలు కలిశాయో లేదో చూడటానికి ఇంట్లో ఉండే కాటుక చాలు. సియర్ ముక్కుకు పలుచగా పూసి, నాలుగైదు సార్లు ఎక్కించి విడిచి చూస్తే కాటుక చెరిగిన జాగ కనపడుతుంది. ముక్కు వెడల్పంతా సమంగా చెరగాలి. ఒక మూల మాత్రమే చెరిగితే భారమంతా ఆ మూల మీదే ఉంది, ఆర్నెల్లలో అరుగుతుంది. చూశాక కాటుక పూర్తిగా తుడిచేయాలి. లాగు సర్దాల్సి వస్తే మిస్త్రీ సన్నటి నూనెరాయితో ట్రిగ్గర్ గుబ్బల మీద రెండు మూడు రుద్దులు రుద్దాలి, సియర్ ముఖం మీద కాదు. రుద్దిన ప్రతిసారీ కట్టె ఎక్కించి రెండు స్క్రూలూ పూర్తిగా బిగించాకే చూడాలి, ముందు స్క్రూ మొదట. కట్టె లేకుండా బల్ల మీద "అద్భుతంగా ఉంది" అనిపించిన లాగు కట్టె ఎక్కగానే ఇంకోటి అవుతుంది. ఇది తెలియని మిస్త్రీ దగ్గర ఎంత డబ్బు పోసినా పని నిలవదు.

కాకింగ్ పీస్ గాటే అరిగి ఉంటే వేరే తుపాకి బోల్టు తెచ్చి తగిలించడం కొందరు చేసే పని. అది ఒప్పుకోకండి. బోల్టు, బోల్టు తల, చాంబరు ఒకదానికొకటి కొలిచి కూర్చినవి. బోల్టు మారితే తూటా వెనక ఉండాల్సిన ఖాళీ మారుతుంది, తూటా గుల్ల చీలి వేడి గాలి మొహం మీదికి వస్తుంది. కాకింగ్ పీస్ ఒక్కటే మార్చాలి. మార్చాక ఫైరింగ్ పిన్ను బోల్టు తల నుంచి ఎంత బయటకు వస్తుందో మళ్లీ కొలవాలి.

తాతల నాటి మౌజర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. దానికి సర్దుబాటు స్క్రూలున్న పెట్టెలాంటి ట్రిగ్గర్లు దొరుకుతాయి. ఒకటి బరువుకు, ఒకటి సియర్ పట్టుకు, ఒకటి విడిచాక ట్రిగ్గర్ ఎక్కడ ఆగాలో దానికి. బరువు తగ్గించుకుందామని పట్టు స్క్రూ తిప్పేవాళ్లే జారే తుపాకిని చేతులారా తయారు చేసుకుంటారు.

పని అయ్యాక తుపాకి తీసుకునే ముందు డీలర్ బల్ల దగ్గరే పైన చెప్పిన నాలుగు పరీక్షలూ చేయించండి. వాటికి తోడు ఎక్కించి, సేఫ్టీ తీసి, బట్టు అడుగున రబ్బరు సుత్తితో పది దెబ్బలు కొట్టించండి. కాకింగ్ పీస్ కదలకూడదు. తీసేసిన పాత ముక్క కళ్లతో చూడండి, ఏ ముక్క మార్చారో బిల్లులో రాయించుకోండి. మొదటిసారి పేల్చేది అనుమతి ఉన్న రేంజ్‌లోనే, మ్యాగజైన్‌లో ఒక్కో తూటాయే పెట్టి, పది సార్లు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం అటే ఉంచి ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు బోల్టు తెరవండి.

ఎండాకాలంలో చేయించిన పనైతే మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక నీళ్ల సీసా మళ్లీ ఒకసారి తగిలించండి. అప్పటికి కట్టె తేమ పీల్చి ఉంటుంది. రెండు కేజీలకు ఆగి, రెండున్నర దాటాక విడిస్తే స్క్రూలు ముట్టుకోకుండా బీరువాలో పెట్టేయొచ్చు.